లోవరాజుకి వినపడని కూత

ముమ్మిడివరం సెంటరు దాటి మురమళ్ల వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కనపడుతుంది. దానికి బోర్డు లేదు. పెట్టాలని లోవరాజుకి ఎప్పుడూ అనిపించలేదు. ఆటో మొరాయించినా, చెరువు గట్టు మీద డీజిలు ఇంజను దగ్గినా, అంతర్వేది నుంచి ఎవరి పడవ ఇంజనైనా ట్రక్కెక్కి వచ్చినా, లోవరాజు షెడ్డెక్కడని అడిగితే చాలు, దారి చూపించేవారు.

అతని పేరంతా చెవి మీదే నిలబడింది. బండి తెచ్చినవాళ్లు జబ్బేమిటో చెప్పబోతే చెయ్యెత్తి ఆపేసేవాడు. "నువ్వు చెప్పకు. దాన్ని చెప్పనీ," అనేవాడు. ఇంజను స్టార్టు చేయించి, కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి వినేవాడు. తర్వాత నాజిలనో, వాల్వు అనో ఒక్క మాట చెప్పేవాడు. విప్పి చూస్తే చాలామట్టుకు అదే అయ్యేది. అలా ఏళ్లు గడిచేసరికి బండి తెచ్చినవాళ్లు తమ మాటేదో చెప్పడం వాళ్లే మానేసేరు. తాళం చేతిలో పెట్టి బల్ల మీద కూర్చునేవారు. అతనూ అడగడం మర్చిపోయేడు.

సాయిదుర్గ బ్యాటరీ ఆటో తెచ్చినరోజు కూడా అలాగే జరిగింది. సాయిదుర్గది మురమళ్ల. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి వచ్చి, ఇక పరాయి ఊరు వద్దనుకుని, ఆ ఆటో కొనుక్కుని యానాం దాకా తిప్పుకుంటోంది. లోవరాజుని బాబాయిగారంటుంది.

"సన్నగా ఏదో కూత వస్తోందండి బాబాయిగారూ. మూడు నాలుగు రోజుల్నించీ," అంది.

లోవరాజు మామూలుగానే చెయ్యెత్తేడు. ఆటోలో వెనక కూర్చుని, కాలవ వంతెన దాకా తోలించుకుని వెళ్లి వెనక్కి వచ్చేడు. దారి పొడుగునా చెవి అప్పగించి కూర్చున్నాడు. చక్రాల చప్పుడు, రేకు అదురు, ఎదురొచ్చే బస్సు, అంతే. అసలు ఆ ఆటోలంటేనే అతనికి కొంచెం చిరాకు. ఎదురుగా వచ్చి పక్కనించి పోతాయి, నోట్లో మాట ఉండదు. ఊపిరి తీసుకోని ప్రాణిలాగ ఉంటాయి.

ఏ కూతా లేదని చెప్పేడు. ఇన్నాళ్లూ డీజిలు ఆటోలెక్కిన చెవి కదా, చప్పుడు లేకపోయేసరికి దానికదే ఏదో ఊహించుకుంటోందని కూడా చెప్పేడు.

"ఎక్కినవాళ్లు కూడా అడుగుతున్నారండీ," అంది సాయిదుర్గ నెమ్మదిగా.

"నాకు వినపడలేదంటే లేనట్టేనమ్మా," అన్నాడు.

ఆ మాట మీద ఇంకో మాట అనేవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. సాయిదుర్గ ఆయ్, అలాగేనండీ అనేసి వెళ్లిపోయింది.

తర్వాత వారంలో యానాం వెళ్తుంటే గోదావరి మీది ఎదుర్లంక వంతెన నడిమధ్యన ఆటో పట్టేసింది. మోటారు బిగుసుకుపోయి చక్రం కదల్లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, యానాం ఆసుపత్రికి వెళ్లాల్సిన ముసలాయన్ని ఎండలో వంతెన చివరిదాకా నడిపించాల్సి వచ్చింది. కాకినాడ నుంచి కంపెనీ మనిషి వచ్చి మోటారు విప్పి బాగుచేసి వెళ్లేడు. మర్నాడు సాయిదుర్గ లోవరాజు షెడ్డు ముందు ఆటో ఆపి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పాత బేరింగు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇదేనంటండీ. మీరు చూస్తారని అడిగి తెచ్చేను," అంది. దెప్పడానికి తేలేదు. నిజంగా చూస్తాడనే తెచ్చింది.

లోవరాజు బేరింగు వేలుకి తొడిగి తిప్పేడు. గరగరలాడుతూ మధ్యలో ఆగిపోయింది. లోపలి ఉక్కు గుళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఉప్పుగాలికి తుప్పు కూడా పట్టింది. ఇంతలా అరిగే బేరింగు రాత్రికి రాత్రి అరగదు. రోజుల తరబడి ఏడుస్తుంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది ఏడుస్తున్నరోజు అతను దాని పక్కనే కూర్చున్నాడు.

"ఆ కూత ఎలా ఉండేదమ్మా?" అన్నాడు. ఒక మనిషిని అలా అడిగి అతనికి ఎన్నాళ్లయిందో.

"కూతేనండీ. సన్నగా," అంది సాయిదుర్గ. అంతకంటే ఎలా చెప్పాలో ఆ పిల్లకి తెలియలేదు.

ఆ పూట సిగ్గుతో లోవరాజుకి అన్నం సయించలేదు. సాయంత్రానికి సిగ్గు కొంచెం తగ్గింది గానీ ప్రశ్న తగ్గలేదు. చెప్పులో రాయిలాగ తిరిగినచోటల్లా గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకు వినపడలేదు? కరెంటు మోటార్ల భాషే వేరేమో అనుకున్నాడు. డీజిలు ఇంజను అరిచి చెప్పే సంగతిని ఇవి ఇంకోలా చెబుతాయేమో. ఆ భాష నేర్చుకోకుండానే తీర్పు చెప్పేసేనన్నమాట అనుకున్నాడు. భాషే అయితే నేర్చుకోవచ్చు కదా.

అమలాపురంలో బ్యాటరీ బళ్ల రిపేరు నేర్పుతున్నారని ఎవరో చెప్పేరు. ఆదివారం క్లాసులు. లోవరాజు వెళ్లి పేరు రాయించుకుని వచ్చేడు. భార్య సత్యవేణి ముందు నమ్మలేదు. "మీ దగ్గర నేర్చుకోడానికి జనం వస్తుంటే మీరు వెళ్లి బెంచీ మీద కూర్చుంటారా?" అంది. కూర్చుంటానన్నాడు. ఆవిడ నవ్వుకుంటూ పులిహోర కట్టిచ్చింది.

క్లాసు చెప్పే అమ్మాయి పేరు కావ్య. రాజోలు పక్క పిల్ల. పుణేలో మోటార్ల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చింది. చదువుకునేవాళ్లలో చాలామంది ఐ.టి.ఐ. కుర్రాళ్లు, కొద్దిమంది ఆటో మెకానిక్కులు. లోవరాజు వయసువాడు ఇంకొకడు లేడు. మొదటిరోజే అలవాటు కొద్దీ బ్యాటరీ కనెక్షను విప్పబోయేడు. మెయిన్ స్విచ్చి ఆపలేదు. కావ్య గట్టిగా, "లోవరాజు గారూ, చెయ్యి తీసేయండి," అంది. అందరూ తిరిగి చూసేరు. చెయ్యి తీసేసి, ఎందుకని అడిగేడు. ఆ అమ్మాయి ఎందుకో చెప్పింది. విని, నిజమే సుమా అనుకున్నాడు.

అతన్ని ఆశ్చర్యపరిచింది మాత్రం ఇంకొకటి. ఎవరో కుర్రాడు లేచి, సముద్రం పక్క ఊళ్లల్లో ఉప్పుగాలికి మోటారుకి కరెంటు అందించే ఈ కంట్రోలర్లు తొందరగా పోతాయా అని అడిగేడు.

"నాకు తెలీదండీ. కనుక్కుని చెబుతాను," అంది కావ్య. అని, ఆ ప్రశ్న బోర్డు మీద ఒక మూల రాసుకుని మళ్లీ పాఠంలో పడిపోయింది.

లోవరాజు చుట్టూ చూసేడు. ఎవరైనా నవ్వేరేమోనని. ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి ముఖంలో కూడా ఏమీ మారలేదు. మంచినీళ్లు తాగినంత తేలిగ్గా అంది ఆ మాట. అదే మాట తన నోటినుంచి ఆఖరిసారి ఎప్పుడొచ్చిందో గుర్తు తెచ్చుకోడానికి బస్సులో తిరిగొచ్చేటప్పుడంతా ప్రయత్నించేడు. గుర్తు రాలేదు. భట్నవిల్లి దాటేక, కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకు తెలీదండీ," అని తనలో తను అని చూసుకున్నాడు. పక్కసీటాయన ఏమన్నారండీ అని అడిగేడు.

కొన్ని వారాలకి బేరింగుల పాఠం వచ్చింది. లోవరాజు ముందు బెంచీలో కూర్చున్నాడు. దీనికోసమే కదా వచ్చింది. కావ్య బల్ల మీద రెండు మోటార్లు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి తిప్పింది. దేనిది బేరింగు పోయిందో చెప్పమంది. అందరూ ఒక్క గొంతుతో రెండోది అన్నారు.

"రెండూ ఒకలాగే ఉన్నాయి కదండీ," అన్నాడు లోవరాజు.

అందరూ తనని ఆటపట్టిస్తున్నారనుకున్నాడు ముందు. కావ్య రెండో మోటారు మళ్లీ తిప్పింది. వెనక బెంచీలో ఒకతను పళ్లు జివ్వుమన్నట్టు ముఖం చిట్లించేడు. లోవరాజు లేచి వెళ్లి చెవి మోటారుకి దగ్గరగా పెట్టేడు. సన్నటి గాలి వీచినట్టుంది, అంతే. అతని ముఖం చూసి కావ్య మోటారు ఆపేసింది. ఫోను తీసి, అందరూ చేతులు ఎత్తండి, ఒక చప్పుడు వినిపిస్తాను, అది నెమ్మదిగా సన్నబడుతూ పోతుంది, వినపడడం ఆగిపోయినవాళ్లు చెయ్యి దించండి అంది. తను కూడా చెయ్యెత్తింది.

చప్పుడు బూరలాగ మొదలైంది. తర్వాత వేణువులాగ అయింది. తర్వాత ఈల. ఈల సన్నబడి, దారమంత అయి, ఆగిపోయింది. లోవరాజు చెయ్యి దించేడు. దించి పక్కకి చూసేడు.

చేతులన్నీ పైనే ఉన్నాయి.

ఫోను ఆగిపోయిందేమో, వీళ్లు గమనించలేదేమో అనుకున్నాడు. గదంతా అతనికి నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో అంతమంది చేతులెత్తుకుని, తలలు కొంచెం వంచుకుని, ఏదో వింటున్నారు. అచ్చం తను షెడ్డులో వినేటట్టే. చాలాసేపటికి ఒక్కొక్క చెయ్యీ దిగడం మొదలెట్టింది. ఆఖర్న పద్ధెనిమిదేళ్లు కూడా నిండని కుర్రాడిది దిగింది.

"ఇప్పటిదాకా వచ్చిందా?" అన్నాడు లోవరాజు.

"వచ్చిందండీ," అంది కావ్య.

క్లాసయ్యేక ఆ అమ్మాయి అతని పక్కన కూర్చుని వివరంగా చెప్పింది. ఏళ్ల తరబడి ఇంజన్ల పక్కన పనిచేసినవాళ్లకి సన్నటి చప్పుళ్లు ముందు పోతాయట. బొంగురువన్నీ బాగానే వినపడతాయి కాబట్టి పోయినట్టే తెలియదట. డాక్టరుకి చూపించుకోమంది. మరుసటి వారం అమలాపురంలోనే చెవి డాక్టరు పరీక్ష చేసి అదే మాట చెప్పేడు. పోయింది తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోమని చెవుల్లో పెట్టుకోడానికి బిరడాలు రాసిచ్చేడు. ఏ ఇంజన్లు తనకి పేరు తెచ్చేయో అవే ఇంతకాలం చెవిని కొరుక్కుతింటున్నాయన్నమాట.

బస్సు దిగి ఇంటికి నడిచి వెళ్తుంటే అతనికి దిగులే కలగాలి. కలిగింది కూడా. కానీ దాని వెనకాలే ఇంకోటి తోసుకొచ్చింది. ఇంకా ఏమేం వినపడటం లేదు నాకు? అది తెలిసేదెలా? వినపడనిదాన్ని పట్టుకునేదెలా?

మర్నాడు పొద్దున్నే సత్యవేణిని పెరట్లో కూర్చోబెట్టి, ఇప్పుడు నీకేం వినపడుతున్నాయో ఒక్కొక్కటే చెప్పమన్నాడు. ఆవిడకి ఇదేం పిచ్చో అర్థంకాలేదు. చెప్పడం మొదలెట్టింది. పక్కింట్లో కుక్కరు. అది తనకీ వినపడుతోందన్నాడు. వంటింట్లో ఫ్రిజ్జు తలుపు సరిగ్గా పడలేదని కూస్తోందంది. అది వినపడలేదు. లేచి వెళ్లి చూస్తే తలుపు నిజంగానే ఓరగా ఉంది. ఇంకా చెప్పమన్నాడు.

"తేనెపిట్టలు," అంది సత్యవేణి.

"ఎక్కడ?"

"అదిగో, మందార మీద."

లోవరాజు ఆ పిట్టలు పోయేయని చాలాకాలంగా చెబుతున్నాడు. షెడ్డు దగ్గర కూర్చున్నవాళ్లందరికీ చెప్పేడు. సెల్ టవర్లు వచ్చేక, రొయ్యల చెరువులు వచ్చేక పిట్టలన్నీ పోయేయని, చిన్నప్పటి పొద్దులు ఇంక రావని వాదించేవాడు. ఇప్పుడు మందార కొమ్మ మీద బొటనవేలంత పిట్ట నల్లగా, నీలంగా మెరుస్తూ, ముక్కు తెరిచి మూస్తోంది. గొంతు దగ్గర ఈకలు అదురుతున్నాయి. అతని చెవికి ఏమీ రాలేదు.

"రోజూ వస్తాయా?"

"రోజూ వస్తాయి. మీరు పోయేయని టవర్లని తిడుతుంటే, పోనీలే, ఈయనతో ఎందుకని ఊరుకున్నాను," అంది.

లోవరాజుకి నవ్వొచ్చింది. నవ్వుతున్నా కళ్లల్లో నీళ్లు తిరిగేయి. పిట్ట ఎగిరిపోయేదాకా అలా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, ఈవిడ ఊరుకున్నట్టు ఇంకా ఎంతమంది ఎన్ని విషయాల్లో ఊరుకున్నారో అనుకున్నాడు. ఆ ఆలోచన పిట్ట కంటే ఎక్కువసేపు నిలిచింది.

సాయిదుర్గ ఆటో ఆ దారిన వచ్చినప్పుడు ఆపి చెప్పేడు. కూత నిజమేనని, పోయింది తన చెవేనని, లేదని తోసిపారెయ్యడం తప్పని చెప్పేడు. ఆ పిల్ల ఇబ్బందిపడిపోయి, పర్లేదండి బాబాయిగారూ, బాగయిపోయింది కదండీ అంది. బాగుచేసింది నేను కాదు కదమ్మా అన్నాడు.

దాచాలని అతనికి తోచలేదు. అడిగినవాళ్లకల్లా చెప్పేడు. దాంతో కొంత నష్టమూ జరిగింది. రొయ్యల చెరువులున్న వెంకన్నకి, నీళ్లు చిలికే ఏరేటర్లన్నీ ఎప్పట్నించో లోవరాజే చూసేవాడు. చెవి పోయినవాడికి ఇంజను ఎలా అప్పజెబుతామని వెంకన్న అమలాపురంలో ఇంకొకరిని పెట్టుకున్నాడు. ముఖం మీద చెప్పలేక, ఫోనెత్తడం మానేసేడు. అది లోవరాజుకి బాగానే తగిలింది. ఒకటి రెండుసార్లు, చెప్పకుండా ఉంటే సరిపోయేది కదా అనిపించింది. అయినా షెడ్డుకి ఎవరొచ్చినా చెయ్యెత్తి ఆపడం మానేసేడు. కూర్చోబెట్టి, ఏం జరుగుతోందో చెప్పమని అడగడం మొదలెట్టేడు. ముందు వాళ్లకి చెప్పడమే రాలేదు. అలవాటు పోయింది మరి. ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా, వానలోనా, ఎండలోనా, బరువుంటేనా, ఖాళీగానా అని తరిచి అడుగుతుంటే నెమ్మదిగా నోళ్లు తెరిచేరు. ఒక్కోసారి ఆ మాటల్లోనే సగం జబ్బు దొరికేది. మరికొన్నిసార్లు వాళ్లు చెప్పింది శుద్ధ పొరపాటయ్యేది. రెండూ అతనికి కొత్తగానే ఉండేవి.

క్లాసులు మాత్రం మానలేదు. ఒక ఆదివారం కావ్యని, బేరింగు పోయిన సంగతి అరచేత్తో పట్టి చెప్పొచ్చా అని అడిగేడు. తనకి తెలీదంది. చూద్దామా అంది. ఇద్దరూ ఆ రెండు మోటార్ల మీదా చేతులు మార్చి మార్చి పెట్టి చూసేరు. ఒకరు కళ్లు మూసుకుంటే ఒకరు తిప్పేరు. లోవరాజు కొన్ని సరిగ్గా చెప్పేడు, కొన్ని తప్పు చెప్పేడు. కావ్య ఇంకా ఎక్కువ తప్పులు చెప్పింది. నడిమి వేగంలో చేతికి బాగా తెలుస్తోందని, వేగం పెరిగితే తెలియటం లేదని తేల్చుకున్నారు. ఎందుకలాగ అన్నది ఇద్దరికీ తేలలేదు. కావ్య ఆ ప్రశ్న కూడా బోర్డు మూల రాసుకుంది. ఆరోజు తిరుగు బస్సులో లోవరాజు తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

వానలు వెళ్లేక సాయిదుర్గ మళ్లీ వచ్చింది. మళ్లీ కూత. ఈసారి ఇంకా గట్టిగానంది. లోవరాజు ఎప్పుడెప్పుడు వస్తోందో అడిగేడు. యానాం వెళ్లేటప్పుడు వస్తోంది, వచ్చేటప్పుడు రావటం లేదంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. పోను ఉండి, రాను లేని కూత అతని అనుభవంలో లేదు.

చక్రాలు ఎత్తి, మోటారు మీద చెయ్యి పెట్టి చూసేడు. బాగానే ఉంది. బ్రేకు డ్రమ్ములో ఇసక పడిందేమోనని విప్పి తుడిచేడు. అది కాదు. కావ్యకి ఫోన్ చేస్తే, కంట్రోలరు చప్పుడేమో, కొన్ని అలా కూస్తాయంది. కనెక్షన్లన్నీ ఊడదీసి, శుభ్రం చేసి బిగించేడు. మర్నాడు సాయిదుర్గ వచ్చి, అలాగే ఉందండీ అంది. కావ్యకి ఆ సంగతి చెబితే, అయితే నేననుకున్నది తప్పండీ, దొరికితే నాకూ చెప్పండి అంది.

ఇంక ఆటోలోనే తేలాలని వెనక సీట్లో కూర్చున్నాడు. "నేను నీ చెవితో వింటాను. వచ్చినప్పుడు చెప్పు, ఆగినప్పుడు చెప్పు," అన్నాడు. మురమళ్ల దాటేక సాయిదుర్గ చెప్పడం మొదలెట్టింది. వస్తోంది. ఆగింది. లారీ అడ్డొచ్చినప్పుడు ఆగింది. మళ్లీ వస్తోంది. వంతెన మీదికి ఎక్కేక బాగా ఎక్కువైందంది. గోదావరి మీదనించి గాలి విసురుగా కొడుతోంది. లోవరాజు సీటు మీద చెయ్యి, కడ్డీ మీద చెయ్యి, పైకప్పు మీద చెయ్యి పెట్టి చూస్తూ వస్తున్నాడు. పక్కన వానలప్పుడు దించి అలాగే ఉంచేసిన రెగ్జిన్ పరదా మీద చెయ్యి ఆనింది. వేళ్లకింద జుమ్మని అదిరింది.

"ఆగిందండీ," అంది సాయిదుర్గ.

చెయ్యి తీసేడు.

"వస్తోందండీ."

మళ్లీ పెట్టేడు. ఆగిందంది. పరదాకి తాడు కట్టే చిల్లు దగ్గర గుడ్డ చిరిగి ఉంది. గాలి ఎదురైనప్పుడల్లా ఆ చీలికలోంచి దూరి కూస్తోంది. మోటారు లేదు, బేరింగు లేదు, కంట్రోలరూ లేదు.

వంతెన దిగేక సాయిదుర్గ ఆటో పక్కకి తీసి ఆపింది. ఇద్దరూ ఆ చిరుగుని చూసి చాలాసేపు నవ్వుకున్నారు. లోవరాజు అక్కడికక్కడే కావ్యకి ఫోను చేసి చెబితే అటునించి కూడా నవ్వు వినపడింది. సాయిదుర్గ సూదీ దారం తెచ్చి కుట్టేస్తానంది.

"కుట్టెయ్యి గానీ, అదెలా ఉందో ఒక్కసారి నోటితో అని చూపించమ్మా," అన్నాడు లోవరాజు. "ఇన్నిరోజులు వెతికేను, కుట్టేస్తే ఎలా ఉంటుందో తెలీకుండానే పోతుంది."

సాయిదుర్గ పెదాలు సాగదీసి, పళ్ల సందులోంచి దారమంత సన్నగా ఈల వేసింది. లోవరాజుకి గాలి వదిలినట్టు కనపడింది గానీ ఏమీ అందలేదు. తల అడ్డంగా ఊపేడు. ఆ పిల్ల గొంతు బాగా దించి, బొంగురుగా, అదే వరసలో పైకీ కిందకీ సాగదీసి కూసింది.

"ఇలాగండీ. దీనికంటే చాలా సన్నగా ఉంటుంది. మీకు వినపడేలాగ కిందకి దించి చెబుతున్నాను."

"ఇంకోసారి," అన్నాడు లోవరాజు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగి చూస్తున్నా పట్టించుకోకుండా, కళ్లు మూసుకుని, తల కొంచెం ముందుకి వంచేడు.